శ్రమ మధ్యలో కళ్లు తిరిగితే గ్యాస్ అనుకోవద్దు

ప్రశ్న: నా వయసు 43. లిఫ్ట్ పాడైతే 20 లీటర్ల వాటర్ క్యాన్ భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కాను. దించగానే గుండె క్షణం ఆగి మళ్లీ దబ్బుమన్నట్టనిపించి కళ్లు తిరిగాయి. తర్వాత ఓసారి షటిల్ ఆట మధ్యలోనూ అలాగే అయింది. ఈసీజీ నార్మల్. ఫ్రెండ్ వాడే ప్రొప్రనొలాల్ రెండుసార్లు వేసుకుంటే తగ్గింది. మా నాన్న 46 ఏళ్లకే హఠాత్తుగా పోయారు. ఇది గ్యాసేనా? ఏ మాత్ర వాడాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గ్యాస్ సంగతి తర్వాత. మెట్లెక్కేటప్పుడు కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ఆ ‘దబ్బు’ కూడా చాలామందిలో ఎక్స్‌ట్రా బీటే. ఒక స్పందన ముందే వచ్చేసి, కాస్త విరామం తర్వాత వచ్చేది గట్టిగా తెలుస్తుంది. ఆరోగ్యవంతులకూ వస్తుంది.

నాకు టెన్షన్ పెట్టింది మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు: ఆట మధ్యలో, నాన్నగారు 46 ఏళ్లకే. శ్రమ చేస్తుండగానే కళ్లు తిరిగితే గుండె కండరం మందం కావడం, కవాటం సన్నబడటం, రక్తనాళాల్లో పూడికలు, లయ తప్పడం లేవని తేల్చుకోవాలి. మీకు ఇవే ఉన్నాయని అనడం లేదు. కానీ పడుకోబెట్టి తీసే ఈసీజీ పది సెకన్ల ముచ్చట. కార్డియాలజిస్టును ఈ వారంలోనే కలవండి. ఎకో (గుండె స్కానింగ్), 24 గంటల హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించుకుని గుండె లయను నమోదు చేసే చిన్న యంత్రం), హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, పొటాషియం అవసరం కావచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్ష మాత్రం ఎకో చూశాక, ఆయన చెబితేనే.

ఇక ఆ మాత్ర. ఫ్రెండ్‌కు ఎందుకు రాశారో మీకు తెలుసా? ప్రొప్రనొలాల్ గుండె వేగాన్ని, బీపీని తగ్గిస్తుంది. అసలే కళ్లు తిరిగే మనిషికి ఇంకా తిరగొచ్చు. ఆస్తమా ఉంటే ఊపిరాడకపోవచ్చు. షుగర్ మందులు వాడేవారిలో షుగర్ పడిపోయినా గుండెదడ తెలియనివ్వదు. పైగా ‘తగ్గింది’ అనిపించి మీరు ఇన్నాళ్లు ఆగారు చూశారా, నా కోపం అక్కడే. రెండుసార్లేనంటున్నారు కాబట్టి ఇక ముట్టుకోకండి. రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పండి. జలుబు మాత్రలు, జిమ్ పౌడర్లు వాడుతుంటే అవీ దాచకండి, కొన్ని గుండెదడ పెంచుతాయి.

అప్పటిదాకా షటిల్ వద్దు, క్యాన్లూ వద్దు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి, బైక్ మీద బయల్దేరకండి. నాన్నగారి పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే వెతికి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా ఇలా కళ్లు తిరుగుతున్నాయేమో కూడా అడిగి చెప్పండి.