ఇంటి నిర్మాణం చదరపు అడుగు రేటుకు ఇచ్చేటప్పుడు పని పరిధిని ఎలా రాసుకోవాలి?

గొడవలు రేటు దగ్గర కాదు, ఆ రేటులో ఏం వస్తుందన్న దగ్గరే మొదలవుతాయి.

ముందు కొలత తేల్చుకోండి. స్లాబ్ ఏరియా మీద లెక్కా, గోడల బయటి కొలత మీదా? బాల్కనీ, మెట్ల గది కొలతను పూర్తిగా లెక్క కడతారా, సగమా? 4 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు బాల్కనీ ఒక్కటే 80 చదరపు అడుగులు.

తర్వాత రేటులో "లేనివి" రాయండి. నా దృష్టిలో ఒప్పందంలో అన్నిటికంటే ముఖ్యమైన పేజీ ఇదే. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, ఎలివేషన్ (ఇంటి ముందు వైపు అలంకరణ పని), కరెంటు మీటరు: ఒక్కొక్కటి ఎవరి ఖర్చో పేరుపేరునా ఉండాలి. పునాదికి లోతు రాయండి: 5 అడుగుల వరకు రేటులోనే, ఆపైన ప్రతి అడుగుకూ ఇంత అని. నల్లరేగడి నేలైతే ఈ వాక్యం తప్పనిసరి, గట్టి నేల ఎక్కడ తగులుతుందో తవ్వితేగానీ తెలియదు.

"మంచి టైల్స్" అంటే ఏమీ రాయనట్టే. సైజు, రకం, అడుగుకు గరిష్ఠ ధర వేయండి. స్టీలుకు ఎఫ్ఈ 500డి, స్లాబ్ కాంక్రీటుకు ఎం20 లాగా గ్రేడు (బలం స్థాయి) ఉండాలి.

మార్పులు నోటిమాటగా మేస్త్రీకి చెప్పొద్దు. ప్లాస్టరింగ్ అయ్యాక స్విచ్‌బోర్డు జరపమంటే గాడి కొట్టడం, పైపు, వైరు, పూత అన్నీ మళ్లీ చేయాలి. ఆ మార్పు పని మొదలయ్యేలోపే అదనపు డబ్బు, అదనపు రోజులు రెండూ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

చివరి 5 శాతం డబ్బు, బాత్రూముల్లో నీళ్లు నిలబెట్టి లీకులు చూసుకున్నాకే ఇవ్వండి.