కిరాయి హంతకుడికీ టిఫిన్ టైముంటుంది

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు అందింది, మొత్తం చదివాను. ఇద్దరు కిరాయి హంతకులు, వాళ్ళని కుదిర్చిన బ్రోకరు, పొలం తగాదాలో సొంత అన్ననే లేపెయ్యమన్న తమ్ముడు. కథ ఉంది. నవ్వించాలన్న ఆరాటం కూడా ఉంది, చిక్కు అక్కడే వచ్చింది. నీ కోటి, సాంబయ్య పేజీకో పంచ్ వేస్తున్నారు, శవం పక్కన నిలబడి ప్రాసలు కలుపుతున్నారు. తాము కామెడీ సినిమాలో ఉన్నామని వాళ్ళకి తెలిసిపోయింది, అది తెలియకూడదు. వాళ్ళ లెక్కలో అది కష్టమైన పని, డబ్బులు టైముకి చేతికి రాని పని, ఇంట్లో చెప్పుకోలేని పని. నవ్వు చూసేవాడికి రావాలి, వాళ్ళకి రాకూడదు.

డబ్బు దగ్గర మొదలుపెట్టు. నువ్వేమో బ్రోకరు చేత సూట్‌కేసు తెరిపించి, నోట్ల కట్టలు చూపించి, కట్ చేశావు. సుపారీ కూడా బేరమే కదా నాయనా! అడ్వాన్సు ఎంత, పని అయ్యాక ఎంత, దారిఖర్చులు ఎవరివి, మధ్యవాడి కమిషన్ ఎవరి వాటాలోంచి పోతుంది? వీళ్ళని సూర్యారావుపేట ఆసుపత్రుల సందుల్లో ఒక టిఫిన్ సెంటర్లో కూర్చోబెట్టు. చుట్టూ స్కానింగు కవర్లు పట్టుకున్న జనం. బ్రోకరు ఉప్మా పెసరట్టు తింటూ, అల్లప్పచ్చడి మళ్ళీ వేయించుకుంటూ, "పెట్రోలు మీదే" అంటాడు. "మాట్లాడుకున్నది మనిషికండీ, బండికి కాదు" అంటాడు సాంబయ్య, చాలా మర్యాదగా. సర్వరు దగ్గరికి రాగానే ముగ్గురూ ఎండల గురించి మాట్లాడతారు, వాడు పోగానే మళ్ళీ పెట్రోలు. బిల్లు బల్ల మీదే ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు. ఇది ఐదు నిమిషాలు నడిపినా హాల్లో ఎవడూ లేచి వెళ్ళడు. ఎవరిని చంపాలన్న మాట ఆఖర్న, చేతులు కడుక్కునే చోట రావాలి.

ఆ దారిఖర్చుల గొడవనే కథ నడపనియ్యి. ఇక్కణ్ణించి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. బండి మొరాయిస్తే పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో నాన్‌స్టాప్ ఎక్కుతారు. బ్రోకరు దగ్గర వసూలు చెయ్యాలి కాబట్టి సాంబయ్య టికెట్లు మడిచి జేబులో దాచుకుంటాడు. రేపు దొరికినప్పుడు తేదీ, టైము, ఎక్కిన చోటు అన్నీ ఆ జేబులోంచే బయటికొస్తాయి. పని కోసం కొన్న సిమ్మును విరిచి కృష్ణలో పారేసిన కోటి, గుంటూరు బస్టాండులో దిగి గోళీసోడాకి తన సొంత ఫోన్లోంచి ఫోన్‌పే కొడతాడు. ఇప్పుడు పోలీసులు ముందు చూసేవి కాల్ రికార్డులు, టవర్ డంపు (ఆ టైములో ఆ టవర్ కింద ఏయే ఫోన్లున్నాయన్న జాబితా), సీసీ కెమెరాలు, డబ్బు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందన్న లెక్క. నీ ఇన్‌స్పెక్టరు సిగరెట్ పీక వాసన చూసి హంతకుణ్ణి పట్టేశాడు. ఆ పేజీ చింపెయ్.

గుంటూరువాడివై ఉండి గుంటూరుని వాడుకోకపోవడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. శంకర్‌విలాస్ దగ్గర రైలు పట్టాలకి ఒక పక్క బ్రాడీపేట, ఇంకో పక్క అరండల్‌పేట. రెండు పేటల్లోనూ లైన్లకీ అడ్డరోడ్లకీ నంబర్లే. 4/2 అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు అని మీ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బెజవాడ నుంచి దిగిన హంతకుడికి ఏం తెలుస్తుంది? బ్రోకరు పెసరట్టు నములుతూ "నాలుగు బై రెండు" అన్నాడే గానీ పేట పేరు మింగేశాడు. వీళ్ళు వెళ్ళి పట్టాలకి అవతలున్న 4/2లో కాపు కాస్తారు. ఆ ఇంటాయన పాలప్యాకెట్టుకి ఎప్పుడొస్తాడు, వాకింగ్‌కి ఎటు పోతాడు, అంతా శ్రద్ధగా రాసుకుంటారు. ఆయన ఎవరో వీళ్ళకి తెలియదు, వీళ్ళెవరో ఆయనకి తెలియదు. ఆ ఇంటావిడ వీళ్ళని కరెంటు మీటరు చూసే వాళ్ళనుకుని గేటు దగ్గర పట్టుకుంటుంది. "పోయిన్నెల్లో ఊళ్ళోనే లేం, అంత బిల్లు ఎట్టా వచ్చిందయ్యా?" అని నిలదీస్తుంది. కోటి మీటరు వంక చూసి, సాంబయ్య వంక చూసి, "అర్జీ పెట్టుకోండమ్మా" అంటాడు. ఆవిడ తెల్లకాగితం, పెన్నూ తెచ్చి వాడి చేతే రాయిస్తుంది. చంపడానికొచ్చిన వాడు కింద సంతకం ఎవరి పేరుతో చెయ్యాలో తేలక చెమటలు పట్టే సీను నీ పంచ్ డైలాగులన్నిటికన్నా నవ్విస్తుంది.

దాక్కోవడానికి పాడుబడిన గోడౌను ఎందుకు, మిర్చియార్డు ఉండగా! సీజన్లో పంపించు. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, వరసల వెనక నక్కితే ఆ ఘాటుకి తుమ్ములు ఆగవు. అలవాటుపడ్డ హమాలీలు తుమ్మరు, తుమ్మేది కొత్తవాడే. ఇంతకంటే చెప్పను, రాసుకో.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. నీ కథలో చచ్చిపోయే పెద్దాయనకి ఒక్క సీను కూడా లేదు. మూడుసార్లు ఆయన ప్రస్తావన వచ్చింది, మూడుసార్లూ 'టార్గెట్' అనే. ఇద్దరు కిరాయి హంతకులు ఒక పని తర్వాత బెల్జియంలోని బ్రూజ్ అనే ఊళ్ళో దాక్కునే 'ఇన్ బ్రూజ్' లాంటి సినిమా తియ్యాలనుందని ఉత్తరంలో రాశావు. మార్టిన్ మెక్‌డోనా నాటకాలు రాసి వచ్చినవాడు, 2008లో వచ్చిన ఆ సినిమా ఆయనకి మొదటి ఫీచర్. నువ్వు అందులోంచి ఏం తీసుకున్నావు? బ్రూజ్ గంటగోపురానికి 366 మెట్లున్నాయని మన వాళ్ళని గాంధీహిల్ ఎక్కించావు. తిట్లు తీసుకున్నావు. ఆ కుర్ర హంతకుడి తూటా పొరపాటున ఒక పిల్లవాడికి తగిలింది చూడు, ఆ సినిమా మొత్తం నిలబడ్డది దాని మీదే. దాన్ని వదిలేశావు. ఆ బరువు లేకపోతే అందులో నవ్వుకి అర్థం లేదు.

మీ పెద్దాయనకి ఒక పొద్దుట పూట ఇవ్వు. 2014లో రాజధాని ఇటు వస్తుందని తేలాక ఈ రెండు ఊళ్ళ మధ్య ఎన్ని ఇళ్ళల్లో అన్నదమ్ములు సెంటు భూమికి మాటలు మానేశారో నీకు చెప్పక్కర్లేదు, కాబట్టి తగాదా గురించి ఒక్క ముక్క చాలు. ఆయన్ని ఆవకాయ రోజుల్లో చూపించు. బజారులో కాయలు బేరమాడి, ముక్కలు కొట్టించుకుని, సంచి మొయ్యలేక మోసుకుంటూ వస్తుంటే, వెనకే వస్తున్న కోటి ఆగలేక అందుకుని గేటు దాకా మోసిపెడతాడు. ఆయన వాడికి మంచినీళ్ళిస్తాడు, టెంకకి జీడి సరిగ్గా తియ్యలేదని కాయలు కొట్టినవాణ్ణి తిట్టుకుంటాడు. ఇక్కడిదాకా నవ్వించు. తర్వాత హత్య జరిగినప్పుడు పాట వద్దు, రక్తం వద్దు. మధ్యాహ్నం ఇల్లు చూపించు. మంచం మీద పరిచిన పాత పంచె మీద ముక్కలు ఆరబోసి ఉన్నాయి. మైల ఇంట్లో వాటిని ఎవరూ ముట్టుకోరు. మూడో రోజుకి నల్లబడతాయి, ఎవరో చుట్టచుట్టి బయట పడేస్తారు. అక్కడ జోకు వేశావంటే నీ స్క్రిప్టు నేను మళ్ళీ ముట్టుకోను.

హంతకుల్ని నవ్వులాటగా చూపిస్తే వాళ్ళు హీరోలైపోరా అని మీ ఫ్రెండెవరో అన్నాడని రాశావు. నాకలా అనిపించదు. స్లో మోషన్లో నడిపించి వెనక డప్పులు కొడితే అవుతారు. పెట్రోలు డబ్బుల కోసం దేబిరించేవాణ్ణి చూసి ఏ కుర్రాడు కాలరెగరేస్తాడు? కానీ నీ రెండో సగంలో బెజవాడ రౌడీయిజం ఫ్లాష్‌బ్యాకు ఉంది చూడు, అది పూర్తిగా ఎత్తెయ్. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా దీక్షలో ఉండగా హత్యకి గురైనప్పుడు ఈ ఊరు తగలబడింది. ఆ కర్ఫ్యూ చూసినవాళ్ళం ఇంకా ఉన్నాం. ఇంటిపేర్లు చూసి కులాలు లెక్కేసుకునే చోట దాన్ని కామెడీకి మసాలాగా వాడితే నీ సినిమాలో మిగతాదేదీ ఎవరికీ కనిపించదు.

స్టేషను సీన్ల గురించి. నీ ఎస్‌ఐ "302 కింద లోపలేస్తా" అంటాడు. అది పాత ఐపీసీలో హత్య సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడు హత్యకి 103వ సెక్షన్, కుట్రకి 61, వ్యవస్థీకృత నేరాల 111లో అయితే కాంట్రాక్టు హత్య అని విడిగా పేరే ఉంది. ఎస్‌ఐ అలవాటుకొద్దీ పాత నంబరు చెప్పడం, స్టేషన్లో కేసులు రాసే రైటరు తలెత్తకుండా సరిదిద్దడం, ఇది నీకు ఉచితంగా దొరికిన సీను. ఇంకొకటి, పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది సాక్ష్యం కాదు. ఆ మాట పట్టుకుని వెళితే ఆయుధం దొరికిందనుకో, దొరకడానికి దారి చూపిన మేరకే చెల్లుతుంది. అందుకే మధ్యవర్తుల్ని, అంటే పంచనామా సాక్షుల్ని, వెంటబెట్టుకుని నేరస్థుణ్ణి చోటు చూపించమంటారు.

ఆ చోటు బందరు కాలువ అవనీ. రాత్రి చీకట్లో కోటి కత్తి విసురుతాడు. "నీళ్ళ చప్పుడు రాలేదేంట్రా?" అని సాంబయ్య అడిగితే "లోతెక్కువ బాబాయ్" అంటాడు. ఎండాకాలం, కాలువ కట్టేశారు. తెల్లారి గట్టు మీద మధ్యవర్తులు, ఎస్‌ఐ, బేడీలతో కోటి. ఎదురుగా బురదలో కత్తి, దాని చుట్టూ క్రికెట్ ఆడుతున్న పిల్లలు. అంతమంది పిల్లల్ని చూశాక కోటి మొహం ఎలా ఉండాలో బాగా ఆలోచించి రాయి, డైలాగు మాత్రం ఇవ్వకు.

ఇంటర్వెల్ దాకా తిరగరాసి పంపించు. పీడీఎఫ్ వద్దు, ఫోన్లో నాకు అక్షరాలు ఆనడం లేదు. ప్రింటు తీసి, ఒక పక్కే అచ్చు వేయించి, కొరియర్ చెయ్యి. ఈసారి మార్జిను ఎక్కువ వదులు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య