న్యాయ సలహా: గొడవ ఎమ్మెల్యేది, శిక్ష ఓటరుకా?

ప్రశ్న: 2025 మార్చి 21న కర్ణాటక శాసనసభ నుంచి 18 మంది బీజేపీ సభ్యులను ఆరు నెలలు సస్పెండ్ చేశారు. వారిలో మా ఎమ్మెల్యే ఒకరు. మే 25న ఎత్తివేశారు, సరే. మళ్లీ ఇలాగే జరిగితే మా మురుగు కాలువల గురించి సభలో అడిగేదెవరు? కోర్టు అడ్డుకోగలదా?
– ఒక గృహిణి, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అడ్డుకోగలదమ్మా. స్పీకర్ పీఠమెక్కి కాగితాలు చించి విసిరినవారి మీద నాకు జాలి లేదు. మార్షల్స్ మోసుకుపోవడం సబబే. నా అభ్యంతరమంతా ఆ ఆరు నెలల మీదే. అదీ బడ్జెట్ సమావేశాల చివరి రోజున! మహారాష్ట్రలో 2021 జులైలో 12 మందిని ఏడాదిపాటు సస్పెండ్ చేస్తే, 2022 జనవరి 28న సుప్రీంకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. సభ సజావుగా సాగడానికే సస్పెన్షన్ కాబట్టి ఆ సమావేశాలు ముగిసేదాకా చాలు, అంతకు మించితే బహిష్కారం కన్నా దారుణం అన్నది. బహిష్కరిస్తే ఆరు నెలల్లో ఉప ఎన్నిక వస్తుంది, మీరు మరొకరిని పంపుకోవచ్చు. సస్పెన్షన్‌లో సీటు ఆయనదే, మీ మాట మాత్రం సభలో వినబడదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమే ఇది. ఆ లెక్కన ఇక్కడి ఆరు నెలలూ నిలిచేవి కావని నా అభిప్రాయం. ఈలోగా సభ బయట ఆయన ఎమ్మెల్యేనే. అర్జీ పట్టుకుని ఇంటికి వెళ్లి నిలదీయండి.

ప్రశ్న: సభ వ్యవహారాల్లో కోర్టు తలదూరిస్తే సభ నడిచే తీరును కోర్టులు ప్రశ్నించరాదనే రాజ్యాంగంలోని 212వ అధికరణం ఏమైనట్టు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్లేశ్వరం

జవాబు: మాస్టారూ, విధానసౌధకూ హైకోర్టుకూ మధ్య ఉన్నది అంబేడ్కర్ వీధి ఒక్కటే. దాన్ని దాటకూడదని వాదించే సీనియర్లు మాకూ ఉన్నారు. కానీ 212 కాపాడేది కార్యక్రమ విధానంలోని లోపాలనే. చట్టవిరుద్ధమైన నిర్ణయానికి ఆ రక్షణ లేదని 2007లో రాజారాం పాల్ కేసులో తేల్చారు. ఆ కేసులో ఎంపీల బహిష్కారాన్ని కోర్టు సమర్థించిందనీ గుర్తుంచుకోండి.

ఫిరాయింపుల సంగతి వేరు. అక్కడ స్పీకర్ చేసేది న్యాయమూర్తి పని. 2010 అక్టోబరులో బలపరీక్షకు ముందురోజు 16 మంది ఎమ్మెల్యేలపై ఇక్కడే అనర్హత వేటు పడింది. జవాబుకు తగిన గడువు ఇవ్వలేదు, వారికి వ్యతిరేకంగా వాడిన అఫిడవిట్ ప్రతులూ ఇవ్వలేదు. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ వేటును రద్దు చేసింది.

శిక్ష తగిన మోతాదులో ఉందా అన్నదీ కోర్టు చూస్తుంది. ముఖ్యమంత్రిని అనుకరించి వెక్కిరించారని బిహార్ విధాన పరిషత్తు ఒక సభ్యుణ్ని బహిష్కరించింది. ఆయన ప్రవర్తన బాగుందని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అనలేదు. శిక్ష మితిమీరిందన్నది. అప్పటికే బయట గడిపిన ఏడు నెలలను సస్పెన్షన్ కింద జమకట్టి, తిరిగి సభకు పంపింది.