జుమేరాత్ బజార్‌లో దొరికిన జర్మన్ బాంబర్

ప్రశ్న: పోయిన నెల జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఒక ఫొటో ఆల్బమ్ కనిపిస్తే బేరమాడి మూడొందలకి కొన్నాను. ఒక ఫొటోలో పొలంలో పొట్ట మీద పడి ఉన్న పెద్ద విమానం ఉంది. ముక్కంతా అద్దాలే, ఒంటి మీద నల్ల శిలువ, పక్కన ఇద్దరు పోలీసులు. శిలువకి ఎడమ పక్క ‘జీ1’ అని స్పష్టంగా ఉంది. కుడి పక్క రెండు అక్షరాల్లో ఒకటి చెరిగిపోయింది, రెండోది కే కావచ్చు, ఆర్ కావచ్చు. వెనక పెన్సిల్‌తో ఇంగ్లీషులో ‘డార్సెట్, 1940, 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ కూల్చింది’ అని రాసి ఉంది. మన ఊరి పేరు అక్కడికెలా వెళ్ళింది? ఇది ఏ విమానమో, లోపల ఎవరున్నారో ఇక్కడ కూర్చుని కనుక్కోగలనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మూడొందలకి మంచి బేరమే. ముందు మన ఊరి సంగతి చెప్తాను, ఎందుకంటే ఉత్తరం చదవగానే నాకూ కళ్ళు అక్కడే ఆగాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాయుసేనకి విమానాల కోసం డబ్బిచ్చాడు, దాంతో 110వ స్క్వాడ్రన్‌కి, అంటే విమాన దళానికి, హైదరాబాద్ పేరు వచ్చింది. రెండో యుద్ధంలో అదే పేరు ఇంకో రెండిటికి పెట్టారు. 152కి స్పిట్‌ఫైర్లు, 253కి హరికేన్లు, రెండూ బ్రిటిష్ ఫైటర్ విమానాలే. 152 వాళ్ళ చిహ్నం చూడండి, మధ్యలో నిజాం తలపాగా, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంటాయి. పేరు మనది, డబ్బు మనది (అంటే మన తాతలు కట్టిన శిస్తులది), నడిపిన పైలట్లు మాత్రం ఎక్కువమంది బ్రిటన్ కుర్రాళ్ళే. ఈ స్క్వాడ్రన్ 1940 జులైలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న డార్సెట్ జిల్లాలోని వార్మ్‌వెల్‌కి మారి, ఆ ఎండాకాలమంతా అక్కడి నుంచే ఎగిరింది. కాబట్టి డార్సెట్, 1940, 152, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతాయి.

సరిపోయాయి కదా అని పెన్సిల్ రాతని నమ్మెయ్యకండి. విమానం ఎవరు కూల్చారన్నది ఇలాంటి వెతుకులాటలో చిట్టచివర తేలే విషయం, చాలాసార్లు అసలు తేలదు కూడా. ఒకే బాంబర్‌ని ఇద్దరు ముగ్గురు పైలట్లు, రెండు స్క్వాడ్రన్లు, కింద నుంచి తుపాకుల వాళ్ళు, అందరూ కొట్టి ఉంటారు, పొగ కక్కుతూ మబ్బులోకి పోతే ప్రతి ఒక్కరూ ‘నాదే’ అని రాసుకుంటారు. అబద్ధమాడి కాదు, ఆ క్షణాల్లో ఎవరికి కనిపించింది వాళ్ళు రాశారు. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, యుద్ధం అయ్యాక జర్మన్ కాగితాలు తీసి లెక్కేస్తే అరవై దాకా తేలాయి, అంతే! అందుకే ఫొటో వెనక రాత మీద కాదు, ఫొటోలో ఉన్న విమానం మీద మొదలుపెట్టండి.

ముక్కంతా అద్దాలన్నారు, కోడ్ జీ1 అన్నారు. ఈ రెండూ కలిస్తే హైంకెల్ 111 రకం జర్మన్ బాంబర్ అనే చెప్పొచ్చు. జర్మన్ బాంబర్ల మీద శిలువకి ఎడమ పక్క ఉండే రెండూ ఆ దళం గుర్తు. జీ1 అంటే కేజీ 55 (కేజీ అంటే బాంబర్ దళానికి జర్మన్ పొట్టి పేరు), ఇది 1940లో హైంకెళ్లు నడిపిన దళం. కుడి పక్క మొదటి అక్షరం ఆ ఒక్క విమానానిది, మన బండి నంబర్‌లో చివరి అంకెల్లాగా. మీ ఖర్మకొద్దీ అదే చెరిగిపోయింది. చివరి అక్షరం దళంలోని చిన్న జట్టుది, కే అయితే రెండో జట్టు, ఆర్ అయితే ఏడోది. భూతద్దం పెట్టి చూసేకంటే ఫొటోని ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి వెలుతురు తగ్గించి చూడండి, ఆర్ అయితే పైన గుండ్రం కనబడుతుంది.

ఒక అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆ రోజుల్లో కూలిన విమానాల ఫొటోలు పత్రికల్లో తెగ వచ్చేవి, చేతులు మారేవి, శీర్షికలూ మారేవి. 1939 అక్టోబర్ 28న స్కాట్లాండ్‌లో హంబీ దగ్గర దిగిపోయిన హైంకెల్‌ది అలాంటిదే, బ్రిటన్ ప్రధాన భూభాగం మీద కూలిన మొదటి జర్మన్ విమానం అది. కానీ దాని కోడ్ 1హెచ్‌తో మొదలవుతుంది, కనక మీది అది కాదు.

ఇక తేదీ కావాలి. 1940 సెప్టెంబర్ 25న కేజీ 55 హైంకెళ్లు బ్రిస్టల్ పక్కన ఫిల్టన్‌లోని విమానాల ఫ్యాక్టరీ మీద పగటిపూటే బాంబులేశాయి, వాటి మీదికి వెళ్ళిన వాళ్ళలో 152 కూడా ఉంది, ఆ రోజు కొన్ని హైంకెళ్లు తిరిగి వెళ్ళలేక నేల మీదే కూలాయి. మీది వాటిలో ఒకటై ఉండొచ్చని నాకు ఆశ ఉంది, కానీ ఆశని సాక్ష్యం అనలేం. ఇది మొదట వెతకాల్సిన రోజు మాత్రమే.

కాగితాలు రెండు దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌వి లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో (క్యూ అంటే వరస కాదు, ఊరి పేరు). ఎయిర్ 27 వరుసలో స్క్వాడ్రన్ దినచర్య, ఎయిర్ 50లో పైలట్లు కిందికి దిగి చెప్పిన పోరాట నివేదికలు ఉంటాయి. స్కాన్లు మలక్‌పేటలో కూర్చునే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కూలిన ప్రతి విమానాన్నీ బ్రిటిష్ వాయుసేన గూఢచారి విభాగం వాళ్ళు వచ్చి పరీక్షించి, కోడ్, ఇంజన్ నంబర్లు, తుపాకులు రాసుకుని, బతికిన వాళ్ళని విడిగా ప్రశ్నించేవాళ్ళు. ఆ నివేదిక దొరికితే మీ పని సగం అయిపోయినట్టే, ఎందుకంటే స్థలం పేరు అందులో ఉంటుంది. అప్పటి వార్తాపత్రికల్లో ఉండదు, సెన్సార్ వల్ల ‘దక్షిణ తీరంలో ఒక ఊరు’ అని రాసి ఊరుకునేవాళ్ళు.

జర్మన్ వైపు ఫ్రైబుర్గ్‌లోని సైనిక ఆర్కైవ్స్‌లో నష్టాల జాబితాలున్నాయి. దళం, విమానం రకం, ఫ్యాక్టరీ నంబర్, నష్టం ఎంత శాతం, సిబ్బంది పేర్లు, ఎవరు పోయారు, ఎవరు కనబడలేదు, అన్నీ వరసగా. విమానం పూర్తిగా పోతే 100 శాతం అని ఉంటుంది. ఇక్కడే నేనొకసారి బోల్తా పడ్డాను. బ్రిటిష్ కాగితంలో మూడు గంటలకి కూలిన డోర్నియర్ (ఇంకో రకం జర్మన్ బాంబర్), జర్మన్ కాగితంలో నాలుగింటిది. రెండూ వేరు వేరు విమానాలనుకుని రెండు వారాలు కొట్టుకున్నాను. 1940 ఎండాకాలంలో జర్మనీ గడియారం బ్రిటన్ కంటే గంట ముందుండేదని మా ఆవిడ గుర్తు చేసే దాకా తట్టలేదు.

హైంకెల్‌లో మామూలుగా ఐదుగురుండేవాళ్ళు. పేర్లు దొరికాక, చనిపోయిన వాళ్ళని జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోక్స్‌బుండ్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. బ్రిటన్‌లో చనిపోయిన జర్మన్లలో చాలామందిని స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ ఛేజ్ స్మశానానికి చేర్చారు, రెండు యుద్ధాల వాళ్ళూ కలిపి దాదాపు ఐదు వేలమంది ఉన్నారక్కడ. మీ ఫొటోలో విమానం ముక్కలు కాలేదు, పొట్ట మీద దిగింది, అంటే కొందరైనా బతికి ఖైదీలయ్యుంటారు. అలాంటి వాళ్ళ ఊళ్ళలో మనవలుండొచ్చు, కాబట్టి పేర్లు కచ్చితమయ్యే దాకా ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ప్రశ్న: మా తమ్ముడు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ దగ్గర పొలంలో జర్మన్ విమానం కూలిందని విని మెటల్ డిటెక్టర్ కొన్నాడు. పొలం యజమాని సరే అన్నాడట. తవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దని ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. యజమాని ఒప్పుకుంటే సరిపోదమ్మా. 1986లో వచ్చిన చట్టం ప్రకారం బ్రిటన్‌లో సైనిక విమానం కూలిన ప్రతిచోటూ రక్షిత స్థలమే, జర్మన్‌దైనా అంతే, రక్షణ శాఖ లైసెన్సు లేకుండా ముట్టుకుంటే నేరం. లోపల మనుషుల అవశేషాలో, పేలని బాంబులో ఉండొచ్చనిపిస్తే లైసెన్సు ఇవ్వరు. అది బాంబర్ అయితే ఆ రెండో భయం ఊరికే అన్నది కాదు. డిటెక్టర్ వెనక్కి తీసుకుంటారేమో కనుక్కోమనండి.