వీడియో కాల్‌లో మాటకూ పెదాల కదలికకూ పొంతన ఎలా కుదురుతుంది?

ఆడియో, వీడియో వేర్వేరు ప్యాకెట్లుగా, వేర్వేరు ఆలస్యాలతో చేరతాయి. కుదించడం, విప్పడం వల్ల సాధారణంగా వీడియోనే వెనకబడుతుంది.

పైగా ఆడియో, వీడియోలను నెట్‌లో పంపే పద్ధతి ఆర్‌టీపీలో రెండింటి టైమ్‌స్టాంపుల (ప్యాకెట్లపై ఉండే సమయ గుర్తుల) లెక్క వేరు: వీడియోకు సెకనుకు 90,000 టిక్కులు, ఓపస్ అనే పద్ధతిలో కుదించిన ఆడియోకు 48,000. నేరుగా పోల్చలేం. అందుకే పంపే కంప్యూటర్ మధ్యమధ్యలో ఆర్‌టీపీకి తోడుగా ఉండే ఆర్‌టీసీపీ ద్వారా సెండర్ రిపోర్ట్ అనే సమాచారం పంపుతుంది. ఏ టైమ్‌స్టాంపు అసలు గడియారంలో ఏ క్షణమో అందులో ఉంటుంది. దాన్నిబట్టి అవతలి కంప్యూటర్ ముందొచ్చినదాన్ని బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) కాస్త ఆపి, రెండూ కలిపి వినిపిస్తుంది, చూపిస్తుంది.

ఎంతసేపు ఆపాలన్నదే నిజమైన చిక్కు. ఎక్కువ ఆపితే ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మేలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు జీ.114 సారాంశం. మీటింగ్‌కు ఇది బాగానే సరిపోతుంది. దూరాల నుంచి కలిసి సంగీతం వాయించేవాళ్లకు మాత్రం అంత ఆలస్యమైతే తాళం నిలవదు.