నల్లరేగడి నేలలో కారు దారి వేసేముందు

మీ కారు దారి గేటు నుంచి పోర్టికో దాకా 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. నేల నల్లరేగడి. పైన గడ్డి చెక్కి, ఇసుక పోసి పేవర్ బ్లాకులు పరిస్తే చాలని మేస్త్రి అంటున్నాడు, నమ్మొచ్చా అని మీరు అడిగారు. దయచేసి అలా వేయించకండి.

తెనాలి దగ్గర మాదీ అదే నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన ఎంత మంచి బ్లాకు వేసినా నేలతో పాటే లేస్తుంది, కుంగుతుంది. మీ మట్టి ఎంత ఉబ్బుతుందో ముందు చూసుకోండి. ఎండబెట్టి, దంచి, సన్నగా జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున, కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో వేయండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికి ఒకటిన్నర రెట్లు దాటితే ఆ మట్టి తీసేయాల్సిందే. మాది రెండింతలకు దగ్గరగా వచ్చింది.

మేం దాదాపు అడుగు ముప్పావు లోతు తవ్వించాం. దారికి రెండు పక్కలా ఇంకో అడుగు వెడల్పు కలుపుకున్నాం, లేకపోతే అంచులు ముందు జారతాయి. అడుగున అడుగు మందం ఎర్ర గ్రావెల్ (తెలంగాణలో మొరం అంటారు), దానిపైన ఆరంగుళాలు కంకర, క్రషర్ డస్ట్ కలిపిన పొర, ఆపైన అంగుళం ఇసుక, బ్లాకులు. మీ కొలతకు గ్రావెల్ 420 ఘనపుటడుగులు పడుతుంది. తొక్కితే దిగిపోతుంది కాబట్టి నాలుగో వంతు ఎక్కువగా, ఐదుంబావు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) చెప్పండి.

అసలు పని ఆ తొక్కించడంలోనే ఉంది. గ్రావెల్ మొత్తం ఒకేసారి పోసి పైన రోలర్ తిప్పితే కింద సగం వదులుగానే మిగులుతుంది. ఆరంగుళాలకు ఒక పొర పోయాలి, తడపాలి, ప్లేట్ కాంపాక్టర్‌తో (అదిరే ఇనుప పలకతో నేలను దిమ్మిస చేసే యంత్రం) గట్టిపరచాలి, తర్వాతే రెండో పొర. తడి ఎంతంటే, గుప్పెట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. కూలీలకు విసుగు పుడుతుంది, అయినా మీరు దగ్గర నిలబడండి.

నీటి పైపు, డ్రైనేజీ, కరెంటు వైరు దారిని దాటే చోట నాలుగంగుళాల పీవీసీ పైపు ముందే పాతించండి. గొయ్యి అడుగుభాగం నుంచే 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు గేటు వైపు ఉంచండి, ఇంటి గోడ వైపు మాత్రం వద్దు. ఒక్క కారుకైతే 60 మిల్లీమీటర్ల బ్లాకు చాలు. ట్రాక్టరో లారీయో లోపలికి వచ్చేట్టయితే 80 వేయించండి. బ్లాకులు పక్కకు జరగకుండా అంచులకు కాంక్రీట్ కర్బ్ (అంచు కట్టు) తప్పదు.

పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. గొయ్యిలో ఒక్క వాన నీళ్లు నిలిచినా మళ్లీ బురద తీసి మొదలుపెట్టాలి.