ఆటల పీరియడ్‌ల ఎవ్వరూ పక్కకు కూసోవద్దు

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర ఒక ప్రైమరీ స్కూల్ల ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). ఐదు క్లాసులకి ఇద్దరమే టీచర్లం, ఆటలు నేర్పే పీఈటీ లేరు. ఖోఖో పెడితే పెద్దపిల్లలే ఆడుతున్నరు, చిన్నోళ్లు చెట్టు కిందికి పోతున్నరు. ఊర్లె వాళ్లేమో ఆడుకునుడు ఇంట్ల గూడ ఆడుతరు మేడం, చదువు చెప్పుండ్రి అంటున్నరు. ఆటలతోటి పీఈ (వ్యాయామ విద్య) ఎట్ల చెప్పాలె?

జవాబు: టీచర్ గారూ, 2009 విద్యాహక్కు చట్టంల గూడ పార్ట్‌టైం పీఈ ఇన్‌స్ట్రక్టర్ అనేది 6 నుంచి 8 క్లాసులకే, అది గూడ పిల్లలు 100 దాటితేనే. అందుకే ప్రైమరీల ఈ పని మీ మీదనే పడుతది.

ఖోఖో మంచి ఆటనే, కానీ లెక్క చూడండి, గ్రౌండ్ల ఉన్న 12 మందిల ఎనిమిది మంది కూసోనుంటరు, ఒక్కడు తరుముతడు, ముగ్గురు తప్పించుకుంటరు, అంటే ఒక్కపారి ఉరికేది నలుగురే. ఒకటి, రెండు క్లాసులోళ్లకి ఇది సరిపోదు. ఇంకోటి, ఔట్ అయితే బయట కూసోవాలె అనే రూల్ తీసేయండి, ఎందుకంటే ముందుగాల ఔట్ అయ్యేది ఉరుకరాని పిల్లగాడే, ఉరుకుడు ఎక్కువ నేర్వాల్సింది గూడ వాడే.

నేల బండ ఆడిపియ్యండి, కానీ దొంగలు ఇద్దరుండాలె, దొరికినోడు ఉరికి గోడ ముట్టి, ఐదుసార్లు కప్పలెక్క దుంకి మళ్ల ఆటల కలవాలె. తొక్కుడు బిళ్లకైతే ఒక్క గీత కాడ ఇరవై మంది లైన్ కడితే ఆట కంటే నిలబడుడే ఎక్కువైతది, ముగ్గురికొక గీత గీయండి, ఒక రౌండ్ కుడికాలు, ఒక రౌండ్ ఎడమకాలు. ఇగ ఇక్కడనే పాఠం ఉంది: దుంకినప్పుడు మోకాలు వంచి మెత్తగ దిగుతున్నరా, ఊగినప్పుడు చేతులు చాపి ఆపుకుంటున్నరా, రోజుకు ఒక్కటే చూడండి, కుదరనోళ్లకి మీరే దుంకి చూపియ్యండి. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ టెస్టుల 5–8 ఏండ్ల పిల్లలకి ఒంటికాలు మీద నిలబడుడు గూడ ఒక పరీక్ష. బడుల కోసం ఉన్న సర్కారు పథకం సమగ్ర శిక్ష కింద ప్రైమరీ స్కూల్‌కి ఏటా 5,000 రూపాయల దాకా స్పోర్ట్స్ గ్రాంట్ ఉంటది, దాంతోటి ఒక్క క్రికెట్ కిట్ కొనకుండా చిన్న బాల్స్, స్కిప్పింగ్ తాళ్లు ఎక్కువ కొనండి. మార్చి నుంచి ఎండలు ముదురుతయి కదా, ఆటల పీరియడ్ పొద్దుగాలనే పెట్టండి.

ఊర్లె వాళ్లకి చెప్పండి, 5 నుంచి 17 ఏండ్ల పిల్లలకి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేటట్టు ఆడుడు, ఉరుకుడు లాంటివి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల కాంస్యం తెచ్చింది, ఆమె ఉరుకుడు చూసి ముందుగాల పట్టుకున్నది బడిల పీఈటీ సారే.

ప్రశ్న: మా బాబు మూడో క్లాసు, కొంచెం లావుగుంటడు. టీంలు పంచుకునేటప్పుడు వాణ్ని ఎవ్వరు తీసుకోరట, ఆటల పీరియడ్ అంటేనే ఏడుస్తుండు. – ఒక తల్లి, కరీమాబాద్, వరంగల్

జవాబు: అమ్మా, తప్పు బాబుది కాదు, పంచుకునే పద్ధతిది. లీడర్లు ఒక్కొక్కల్ని ఏరుకునుడు బంద్ చేసి, లైన్ల నిలబెట్టి ఒకటి, రెండు, ఒకటి, రెండు అని చెప్పిచ్చి టీంలు చేయమని సార్‌ని అడుగుండ్రి, ఇది ఏ సారైనా చేయగలిగిందే. ఉరుకుడు ఒక్కటే కాకుండా గురి చూసి కొట్టే ఏడు పెంకులాట లాంటివి గూడ పెట్టమనండి. ఇంట్ల సాయంత్రం బాల్ విసిరి పట్టుడు మీరు గూడ కలిసి ఆడండి, బరువు సంగతి మాత్రం వాని ముంగట ఎత్తకండి.